కప్పు దించిన ఇల్లు

30 ఆగస్టు 1961, బుధవారం

ఆరేళ్ళు పోరితే ఈ రోజుకు ఒప్పుకున్నారు తల్లీకొడుకులు. తాటాకు కప్పు దించేసి బంగళా పెంకు వేయిస్తారట. ఇది నేను సాధించింది, ఇందులో ఎవరికీ వాటా లేదు. మా ఆయన మాత్రం వీధిలో నిలబడి తనకే పుట్టిన ఆలోచన లాగా అందరికీ చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ.

పంతులు పంచాంగం చూశాడు. వచ్చే బుధవారం పాత కప్పు దించాలి. శనివారానికల్లా నడిదూలం సరిచూసి పూజ చేసి ఎక్కించెయ్యాలి. ఆదివారంతో శ్రావణం అయిపోతుంది. తర్వాత నెల భాద్రపదం, అప్పుడు దూలం ఎత్తడానికి వీల్లేదు. "నాలుగు దినాలమ్మా, నాలుగంటే నాలుగు" అని వడ్రంగి ఆదెయ్య వేళ్ళు చూపించి మరీ చెప్పాడు. పెంకు మద్రాసు నుంచి కాలవలో పడవ మీద వస్తుంది.

అందరూ వెళ్ళాక అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది. గొంతు తగ్గించి, "ఏమ్మే, నీళ్ళుబోసుకోలేదు గదా?" అంది.

కడుపుతో ఉన్న మనిషి మొగుడు ఇంటి కప్పు ఎత్తకూడదు. దూలం ఎక్కించకూడదు. ఎక్కిస్తే ఆ కడుపు నిలవదంటారు. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఆరేళ్ళుగా ఒట్టి చేతులతో ఉన్నదాన్ని పట్టుకుని ఆ మాట అడగడానికి నోరెలా వచ్చింది? ఒళ్ళు మండిపోయింది. "లేదత్తా, ఆ భాగ్యం కూడానా" అని విసురుగా వచ్చేశాను.

ఈ డైరీ గూడూరులో అభ్రకం కంపెనీ గుమాస్తాగా ఉన్న మా అన్న జనవరిలో ఇచ్చాడు. ఇన్నాళ్ళూ ఖాళీగానే ఉంది. అత్తకు చదువు రాదు. మా ఆయనకు వచ్చు గానీ, నేను దీన్ని దాచే తవుడు డబ్బాలో ఆయన చచ్చినా చెయ్యి పెట్టడు. కాబట్టి ఇక్కడ ఏమైనా రాయొచ్చు.

5 సెప్టెంబరు, మంగళవారం

సామానంతా గొడ్ల కొట్టంలోకి మోశాం. ఒక పక్క ఎద్దులు, ఒక పక్క మేము. మధ్య ఒక తడిక. అత్త మంచం, నా చాప పక్కపక్కనే. నాలుగు రోజులే కదా.

6 సెప్టెంబరు, బుధవారం

పొద్దున ఆరింటికే ఆదెయ్య మనుషులు ఎక్కేశారు. తాటాకులు ఒక్కో మోపే కింద పడుతుంటే దుమ్ముకు ఊరంతా తుమ్మింది. తేళ్ళు, జెర్రులు, పాము విడిచిన కుబుసం, ఎలుకలు కొట్టేసిన నా ఎర్ర రవిక ముక్క. ఇన్నేళ్ళూ వీటన్నిటి కింద నోరు తెరుచుకుని నిద్రపోయామా అనిపించింది.

మధ్యాహ్నానికి ఇల్లు బోసిపోయింది. నాలుగు మట్టి గోడలు, పైన ఆకాశం. వంటింట్లో ఎండ పడటం మొదటిసారి చూశాను.

అప్పుడు ఆదెయ్య సుత్తి పెట్టి నడిదూలం మీద కొట్టాడు. డబ్‌మని బోలు చప్పుడు వచ్చింది. ఇంకోచోట కొట్టాడు. ఉలి గుచ్చితే పిడి దాకా దిగిపోయింది.

"పెద్దమ్మా, ఇది దూలం గాదు. చెదల పుట్ట" అన్నాడు అత్తతో.

"ముందే చూసుకోవద్దా అబ్బయా?" అని అత్త.

"తాటాకు తియ్యకుండా యాడజూసేది తల్లీ? కప్పు దించితేనే గదా లోపలి రోగం బయటపడేది."

కొత్త దూలానికి చేవగల ముదురు తాడి చూసి కొట్టించాలి, చెక్కించాలి. మూడు రోజుల్లో జరిగే పని కాదు. అంటే శ్రావణం దాటినట్టే. అక్టోబరు తొమ్మిది అమావాస్య పోయేదాకా దూలం లేదు, కప్పు లేదు. నాలుగు దినాలు కాస్తా నెల మీద నాలుగు దినాలయ్యాయి.

ఆ దూలానికే ఉయ్యాల కట్టాం. ఆరేళ్ళ కిందట, కార్తీక మాసం వానల్లో. కప్పు నిండా చిల్లులు. ఉయ్యాల ఎటు జరిపితే అటు కారేది. నేనూ అత్తా ఆరు రోజులు దాన్ని ఇల్లంతా తిప్పాం. ఏడో రోజున బిడ్డ ఏడవడం మానేసింది. పెంకు కావాలని నేను మొదలుపెట్టింది ఆ రోజే. దానికి ముందొకటి మూడో నెలలో పోయింది. అది లెక్కలోకి రాదంటారు. నా లెక్కలో ఉంది.

9 సెప్టెంబరు, శనివారం

పోయిన నెల ఇరవయ్యో తేదీకి రావాల్సింది రాలేదు. మోత చాకిరీ. దుమ్ము. ఎద్దుల పక్కన నిద్ర. అందుకే అయ్యుంటుంది.

13 సెప్టెంబరు

అందుకే.

17 సెప్టెంబరు, ఆదివారం

రాస్తే గానీ నమ్మేట్టు లేను. నేను కడుపుతో ఉన్నాను.

పొద్దున ఎద్దుల కుడితి వాసనకు కొట్టం వెనక్కు పరిగెత్తాను. అత్త చూడలేదు. ఇది మూడో రోజు. అత్త అడిగిన రోజున నేను అబద్ధం చెప్పలేదు, దేవుడి తోడు, నాకు తెలియదు. కానీ ఆ రోజుకే ఉంది కదా. మా ఆయన కప్పు దించే రోజుకే ఉంది.

సంతోషంగా ఉంది. ఈ మాట రాయడానికే భయంగా ఉంది.

చెబితే ఏమవుతుంది? ఆదెయ్య ఉలి ముట్టడు. పంతులు ముహూర్తం పెట్టడు. కాన్పు అయ్యేదాకా దూలం ఎక్కదు. దూలం లేకపోతే పెంకే కాదు, మళ్ళీ తాటాకు కూడా వేయలేరు. అక్టోబరులో వానలు దిగితే కప్పు లేని మట్టి గోడలు ఎన్నాళ్ళు నిలుస్తాయి? ఇల్లే ఉండదు. అప్పుడు నా బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలి, ఎద్దుల మధ్యనా?

చెప్పకపోతే? దూలం ఎక్కుతుంది. ఇల్లు నిలుస్తుంది. బిడ్డ నిలవకపోతే?

పట్టింపులన్నీ ముసలమ్మల మాటలని ఎనిమిదో క్లాసులో మా టీచరు చెప్పేది. ఆమె మాట నమ్ముతాను. పగలంతా నమ్ముతున్నాను.

చెప్పను. ఎవరికీ చెప్పను.

20 సెప్టెంబరు, బుధవారం

అత్తకు ముసలితనం ముదిరి తిథులు మరుపుకొస్తున్నాయి. పట్టపుపాళెం నుంచి చేపలమ్మే కామమ్మ ఎండు నెత్తళ్ళ గంప దించింది. అవంటే అత్తకు ప్రాణం. దూరం నుంచి ఆ వాసన తగిలితేనే నాకు కడుపులో తిప్పింది. ఇవాళ దొరికిపోయాననుకున్నాను. అత్త ఏమో గంప మీద గుడ్డ కూడా తియ్యనివ్వలేదు.

"పెద్దల దినాలొస్తుండాయి. ఈ ఇంటికి నెల దినాలు నీచు తేబాకమ్మే కామమ్మా."

"పెద్దల దినాలు ఇంకా మొదలే కాలేదు గదత్తా" అన్నాను. నోరు ఊరుకోదు కదా నాకు.

"నువ్వు పంతులువా? నోర్మూసుకో" అంది.

కామమ్మ గొణుక్కుంటూ పోయింది. నేను మాత్రం బతికి బయటపడ్డాను.

26 సెప్టెంబరు, మంగళవారం

ఇత్తడి బిందె నా చేతిలోంచి లాగేసుకుంది అత్త. నేను జారవిడిస్తే సొట్ట పడుతుందట. పన్నెండేళ్ళుగా ఈ బిందె మోస్తున్నాను, ఒక్క సొట్ట లేదు. అరవై దాటిన మనిషి చెరువు నుంచి ఒగర్చుకుంటూ తానే మోస్తోంది. ఊళ్ళో నన్నేమనుకోవాలి? కావాలనే చేస్తోంది. కోడలు పనికిమాలినదని నలుగురికీ చూపించాలి ఈమెకు.

30 సెప్టెంబరు, శనివారం

మద్రాసు నుంచి కార్డు వచ్చింది. పెంకు పడవ దుగరాజపట్నం దగ్గర ఇసుకలో కూర్చుందట. కాలవలో నీళ్ళు చాలవు. వాన పడితే గానీ కదలదట.

వాన పడితే గానీ పెంకు రాదు. పెంకు వచ్చేదాకా వాన పడకూడదు. ఈ మాట మా ఆయనతో అంటే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన నా మొహం చూసి, "ఏందే, చిక్కిపోయినావు" అన్నాడు. ఎండ అన్నాను.

4 అక్టోబరు

సముద్రం వైపు మబ్బు. సాయంత్రానికి పోయింది.

5 అక్టోబరు

మళ్ళీ మబ్బు.

8 అక్టోబరు, ఆదివారం

కొత్త దూలం వచ్చింది. నల్లటి చేవ, రాయి లాగా ఉంది. పన్నెండు మంది మోసుకొచ్చారు. మా ఆయన సంబరంగా భుజం పెట్టబోయాడు. అత్త ఒక్క అరుపు అరిచింది.

"ఒరే వోబులేసా! ముట్టుకోబాక. అవతలికి పో."

"ఏందిమా, నా ఇంటి దూలం నేను ముట్టుకుంటే?"

"నీకు నడుము నొప్పి గదా. పొలం కాడికి పో. ఇక్కడ నేను చూసుకుంటా."

ఆయనకు నడుము నొప్పి లేదు. ఎన్నడూ లేదు. పది మందిలో చిన్నపిల్లవాణ్ణి తోలినట్టు తోలింది. మొహం మాడ్చుకుని పొలానికి పోయాడు పాపం. వచ్చాక నాతో, "మా యమ్మ నన్ను మేకు గూడా ముట్టనీదు. నా ఇంటికి నేనే పరాయోడినైపోయినా" అన్నాడు. అంత బాధగా ఆయన మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

ఎల్లుండితో మంచి రోజులు వస్తాయి. దూలానికి ముహూర్తం గురువారం పొద్దున.

11 అక్టోబరు, బుధవారం

రేపు మేమిద్దరం పీటల మీద కూర్చోవాలి. దూలానికి పసుపు కుంకుమ నేను పెట్టాలి. నవధాన్యాల మూట నా చేత్తో కట్టాలి. టెంకాయ ఆయన కొట్టాలి. ఆ తర్వాత దూలం పైకి లేస్తుంది.

నా చేత్తో నేను కట్టాలి.

టీచరమ్మ మాటలు ఎంత తలచుకున్నా పని చేయడం లేదు. ముసలమ్మల మాటలే అయితే ఆ నవధాన్యాలు ఇప్పటికి మూడుసార్లు ఎందుకు ఏరాను? మొదటిది పోయినప్పుడు ఏ తప్పూ చేయలేదు, పోయింది. రెండోదానికీ చేయలేదు, పోయింది. మరి తెలిసి తెలిసి తప్పు చేస్తే?

కూర్చోలేను. చెప్పలేను. ఇంకొకటే దారి ఉంది.

12 అక్టోబరు, గురువారం

ఈ రోజు జరిగింది జన్మలో మరిచిపోను.

తెల్లవారగానే తడిక అవతల నిలబడి అత్తతో చెప్పాను, నేను బయట చేరానని. మైల మనిషి పూజలో కూర్చోకూడదు. మూడు రోజులు దేన్నీ ముట్టుకోకూడదు, నాలుగో రోజు తలస్నానం. ముహూర్తం వెనక్కు పోతుంది, నాకు ఆలోచించుకోవడానికి నాలుగు రోజులు దొరుకుతాయి, అదీ నా ఎత్తు. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే బుర్ర పని చేయలేదు.

అత్త నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "సరే. ఆ మూల చాపేసుకుని కూర్చో. కదలబాక" అంది. అయ్యో అని కూడా అనలేదు.

తర్వాత చూడాలి ఆమె పని. మా ఆయన్ను లేపి, మేకులు చాలవని చెప్పి అప్పటికప్పుడు గూడూరు తోలింది. "ముహూర్తం పెట్టుకుని యాడికి పొయ్యేది?" అని ఆయన నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. వినలేదు. బండి కనుమరుగయ్యేదాకా వీధిలోనే నిలబడింది. అటు నుంచి అటే రెండిళ్ళ అవతల ఉన్న జయరామయ్య ఇంటికి పోయింది. జయరామయ్య మా ఆయనకు వరసకు అన్న. ఆయన్నూ, ఆయన భార్య ప్రమీలమ్మనూ వెంటబెట్టుకుని వచ్చింది.

ప్రమీలమ్మ పట్టుచీర కట్టుకుంది. తలనిండా పూలు. మా పీటల మీద వాళ్ళు కూర్చున్నారు. నా పసుపు, నా కుంకుమ, నేను ఏరి పెట్టిన నవధాన్యాలు. అన్నీ ఆమె చేతుల్లో. నేను ఎద్దుల పక్కన చాప మీద కూర్చుని తడిక సందులోంచి చూశాను.

పంతులు అడిగాడు, "ఇంటివాళ్ళు లేకుండానా వెంకటశేషమ్మా?" అని.

అత్త ఊరంతా వినబడేట్టు చెప్పింది. "ఈ దూలం ఎత్తిస్తుండేది జయరామయ్య. మా వోబులేసు గాదు, వాడి పెండ్లాం గాదు. ప్రమీల నలుగురు బిడ్డల తల్లి. దాని చేత్తో మూట కడితే ఇల్లు పచ్చగా ఉంటాది. నలుగురూ ఇన్నారా? ఆదెయ్యా, నువ్వు ఇన్నావా?"

"ఇన్నా పెద్దమ్మా."

నలుగురు బిడ్డల తల్లి! ఆ మాట నాకు తగలాలనే అంది. గొడ్రాలి చెయ్యి తగిలితే ఇల్లు నిలవదని నోటితో అనలేదు, అంతే తేడా. ఆరేళ్ళు పోరాడి నేను తెచ్చుకున్న కప్పు ఇది. దీనికి నేను పరాయిదాన్ని, ఈయన పరాయివాడు, ఆ ప్రమీలమ్మ సొంతం. దూలం లేస్తుంటే అందరూ గోవిందా గోవిందా అన్నారు. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అత్త అన్నం తెచ్చి దూరంగా పెట్టి పోయింది. ముట్టుకోలేదు. ఈమె చేతి కూడు నాకు అక్కర్లేదు అనుకున్నాను. తర్వాత తిన్నాను. నా ఒక్కదాని కోసం అయితే తినేదాన్ని కాదు.

ఒకటి మాత్రం నిజం. నేను కట్టలేదు. ఆయన కొట్టలేదు. ఇద్దరం ముట్టుకోలేదు. దేవుడే ఈ రాక్షసి చేతుల మీదుగా అలా జరిపించాడేమో. అలా అనుకుంటే కొంచెం ఊపిరి ఆడుతోంది. అత్తను మాత్రం క్షమించను.

13 అక్టోబరు

మాట్లాడను ఆమెతో.

15 అక్టోబరు, ఆదివారం

తలస్నానం చేశాను, మైల తీరినట్టు. ఇంత చక్కగా నాటకం ఆడతానని నాకే తెలియదు. వాసాలు ఎక్కాయి. మా ఆయన తెచ్చిన మేకులు ఆదెయ్య అవతల పారేశాడు, మేకులు ముందే చాలినన్ని ఉన్నాయట. పడవ ఇంకా దుగరాజపట్నంలోనే.

18 అక్టోబరు, బుధవారం

వాన.

ఆదెయ్య రాలేదు. ఆయుధపూజ, ఉలికీ సుత్తికీ బొట్లు పెట్టి కూర్చున్నాడు, ఈరోజు ముట్టడు. పొలంలో నిలిచిన నీళ్ళు పోవడానికి మా ఆయన మడవలు తియ్యబోయాడు. ఉన్నది మేమిద్దరం. గోడల మీద పాత తాటాకులు పరిచి బరువులు పెట్టాం గానీ, గాలి ఒక్కొక్కటే లేపేసింది. ఉత్తరపు గోడ పైనుంచి ఎర్రటి నీళ్ళు కారడం మొదలైంది. గోడే కరుగుతోంది.

ఇంక నాకు ఏమీ గుర్తు లేదు. తాటాకుల మోపు నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కాను. నాలుగు మెట్లు ఎక్కానో లేదో జడ పట్టుకుని ఎవరో కిందికి గుంజారు.

"దిగు! దిగవే ముండా!"

అత్తే. వానలో మొహం గుర్తుపట్టలేనట్టు ఉంది. అలాంటి కోపం ఆమెలో నేనెన్నడూ చూడలేదు. నన్ను కొట్టంలోకి నెట్టి, చీర గోచీ పెట్టి తానే నిచ్చెన ఎక్కింది. ఆ వయసులో గోడ మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని తాటాకులు పరిచి, అవి లేవకుండా వాటి మీద తానే బోర్లా పడుకుంది. ఎంతసేపో. నేను చూస్తూ నిలబడ్డాను.

గోడ నిలిచింది.

19 అక్టోబరు

నొప్పి. కొంచెం రక్తం కనిపించింది.

దూలం ఎక్కించాం కదా. ఎవరు కూర్చుంటే ఏం. ఇల్లు మాదే కదా.

20 అక్టోబరు, శుక్రవారం

"నీకు జ్వరంగా ఉండాది. పడుకో" అంది అత్త పొద్దున్నే.

"నాకు జ్వరం లేదత్తా."

"ఉండాది. పడుకో."

తన మంచం నాకిచ్చింది. కాళ్ళవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టింది. వాన నీళ్ళు ఆ వైపు పారతాయట. నీళ్ళు ఆ వైపు పారడం లేదు. తల కిందికి, కాళ్ళు మీదికి పెట్టుకుని పడుకుని ఇది రాస్తున్నాను. లేస్తే తిడుతోంది. వాదించే ఓపిక లేదు. కదలాలంటే భయంగా ఉంది. వాన పడుతూనే ఉంది.

ఇంకొంచెం కనిపించింది. దేవుడా, ఇల్లు పోతే పోనీ. గోడలన్నీ పోనీ. ఇది ముందే అనాల్సింది నేను.

22 అక్టోబరు, ఆదివారం

నిన్నటి నుంచి రక్తం లేదు. నొప్పి లేదు. నాకు జ్వరం ఇంకా ఉందట.

25 అక్టోబరు, బుధవారం

పడవ వచ్చింది! వానకు కాలవ నిండి దానంతటదే తేలిందట. పెంకు బండ్ల మీద వస్తుంటే వీధి వీధంతా చూసింది. ఎంత ఎర్రగా ఉన్నాయో. మూడు వందలు పగిలిపోయాయని మా ఆయన తిట్టుకుంటూనే నవ్వుతున్నాడు. అత్త ఆయన్ను ఒక్క పెంకు కూడా అందుకోనివ్వలేదు. జయరామయ్య పేరు చెప్పి జయరామయ్య చేతే మొదటి పెంకు పెట్టించింది. ఈసారి కోపం రాలేదు నాకు. ఎందుకో ఏదో గుర్తుకు రాబోయి రాలేదు.

నన్ను మంచం దిగనివ్వడం లేదు. తడిక పక్కకు జరిపి, చూడు అంది. పడుకునే చూశాను.

2 నవంబరు, గురువారం

కప్పు నడినెత్తిన కొప్పు పెంకు సున్నంలో కూర్చోబెట్టడం మధ్యాహ్నానికి అయిపోయింది. ఆదెయ్య దిగి చేతులు కడుక్కుంటుంటే అత్త వచ్చి నిలబడింది.

"అయిపోయినట్టేనా?"

"అయిపొయింది పెద్దమ్మా."

"ఒక పెంకుగానీ, ఒక మేకుగానీ మిగిలింది లేదు గదా?"

"లేదు తల్లీ."

"బాగా జూసినావా? కప్పు పని అనేది ఇంక ఏమీ లేదా?"

ఆదెయ్యకు విసుగొచ్చింది. "ఏమీ లేదు పెద్దమ్మా. నీ మనవళ్ళ కాలానికి గూడా ఎవురూ దీని మీదికి ఎక్కే పన్లేదు" అన్నాడు. అత్త వాడికి కొత్త పంచె, పంతులుకు స్వయంపాకం ఇచ్చి ఇద్దరినీ వీధి మలుపు దాకా సాగనంపింది. వాళ్ళు కనబడకుండా పోయేదాకా నిలబడింది. ఆ రోజు మా ఆయన బండి పోయేదాకా నిలబడిందే, అలాగే.

తర్వాత కొట్టంలోకి వచ్చింది. నా మంచం కోళ్ళ కింద నుంచి ఇటుకలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. నా పక్కన కూర్చుంది. గోడ మీద పడుకున్నప్పుడు గీసుకుపోయిన మోచేతులు ఇంకా మానలేదు.

"ఇంక చెప్పు" అంది.

నేను ఆ ఇటుకల వైపు చూశాను.

"చెప్పమ్మే. కప్పు అయిపొయింది. ఇప్పుడు నాకు తెలవొచ్చు."

నెత్తళ్ళ గంప, ఇత్తడి బిందె, నడుము నొప్పి, గూడూరు మేకులు, నలుగురు బిడ్డల తల్లి. అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. నేను చాప వేసుకుని ఆమెను రాక్షసి అని రాస్తున్న రోజున ఆమె ఊరందరి ముందూ అరిచి అరిచి ఆ దోషాన్ని నా మీద పడకుండా, ఆయన మీద పడకుండా పక్కకు తప్పిస్తోంది. నేను బయట చేరలేదని ఆ పొద్దునే తెలుసు ఆమెకు. పక్క పక్కన పడుకుంటున్నాం, ఎందుకు తెలియదు? నేను ఒక్కదాన్నే భయపడుతున్నాననుకున్నాను.

"నాలుగో నెల అత్తా" అన్నాను. అనేసి భోరున ఏడ్చాను.

"తెలుసు" అంది. "నువ్వు నోరు తెరిస్తే నేను పని ఆపాల. గోడలు పడిపోయుండేవి. నాకు భయం లేదనుకున్నావా? ఆ బిడ్డప్పుడు ఉయ్యాల జరిపింది నువ్వొకదానివేనా?"

ఇద్దరం ఏడ్చాం. ఎద్దులు మావైపే చూశాయి. సాయంత్రం ఆయన వస్తే అత్తే చెప్పింది. ఆయన గుమ్మంలో కూలబడి, "అయితే నాకు నడుము నొప్పి లేదన్నమాట" అన్నాడు. పిచ్చి మనిషి.

1962 ఏప్రిల్ 24, మంగళవారం

అన్న ఈ ఏడు డైరీ పంపలేదు. దీని వెనక ఖాళీ పేజీల్లోనే రాస్తున్నాను. ఆడపిల్ల. ఉయ్యాల కొత్త దూలానికి కట్టారు. మూట ఇంకా అక్కడే ఉంది, ప్రమీలమ్మ కట్టింది. ఆమె వచ్చి ఆ మూటను చూసి మురిసిపోయింది. నేనూ మురిశాను.

27 ఏప్రిల్

నాలుగో రోజు. పాలు తాగుతోంది.

30 ఏప్రిల్, సోమవారం

ఏడో రోజు. ఈ రోజు ఏమీ రాయను. అత్త పొద్దున్నుంచి ఉయ్యాల తాడు వదల్లేదు. అన్నానికి కూడా లేవలేదు.

1 మే, మంగళవారం

ఎనిమిదో రోజు. పిల్ల గుక్క పట్టి ఏడుస్తూనే ఉంది. ఎత్తుకోబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఏడవనీమ్మే. ఇంకాసేపు ఏడవనీ."